మొదటి వాయిదా వృథా కాకూడదు

ట్రాక్టర్ బోల్తాపడి డ్రైవర్ చనిపోతే, పెద్దకర్మ కాకముందే ఊళ్లో పంచాయితీ కూర్చుంటుంది. స్టాంపు కాగితం మీద ఎంతో కొంత రాసి, భార్య చేత వేలిముద్ర వేయించి, ఇక తగాదా లేదంటారు. ఆ కాగితం చట్టం ముందు నిలవదు. మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలని 1923 నాటి పరిహార చట్టం చెప్పింది, 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ దారినే నడిచింది. మూడు నెలల జీతం మించని అడ్వాన్సు తప్ప, చేతికిచ్చిన సొమ్ము లెక్కలోకి రాదు. ఇచ్చిన రైతుకూ రక్ష లేదు, పుచ్చుకున్న కుటుంబానికీ న్యాయం లేదు.

సరే, కేసు కార్మిక శాఖ ఆఫీసుకే వెళ్లిందనుకుందాం. మొదటి వాయిదాకు ఆ ఇల్లాలు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ అప్పుచేసి వస్తుంది. కౌంటర్ వేయడానికి గడువు కావాలని అవతలి వకీలు అడుగుతాడు, తేదీ మారుతుంది. మా సభ్యులతో ఆ వరండాల్లో కూర్చున్నప్పుడల్లా మాకు అనిపించేది ఒకటే: ఆ ఒక్క రోజును సరిగా వాడుకుంటే సగం కేసు అక్కడే తేలిపోతుంది.

నిజానికి తగాదా దేని మీద? అతను పనిలో ఉండగా చనిపోయాడా, వయసెంత, జీతమెంత, బండికి పాలసీ ఉందా. చాలా కేసుల్లో మొదటిదీ చివరిదీ ఎఫ్ఐఆర్, పాలసీ కాపీ బల్లమీద పెడితే తేలేవే. మిగిలేవి వయసు, జీతం. అవి చిన్న విషయాలు కావు. చట్టం లెక్క ప్రకారం మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చవేస్తారు. 40 ఏళ్లకు గుణకం 184.17. 2020 జనవరి నోటిఫికేషన్ గరిష్ఠంగా అనుమతించిన 15,000 జీతం మీద 13,81,275 రూపాయలు వస్తాయి. జీతం 9,000 అని రాస్తే 8,28,765కు పడిపోతుంది. ఆధార్ కార్డులో వయసు 45 అని తప్పుపడితే, పూర్తి జీతం మీద కూడా లక్షా పదివేలకు పైగా పోతుంది.

ఇరుపక్షాలనూ అడిగి, ఎక్కడ ఒప్పుకుంటున్నారో ఎక్కడ తేడా ఉందో తేల్చి, ఆ తేడాలనే ఇష్యూలుగా రాసుకోవాలని 1924 నిబంధనల్లోనే ఉంది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో దీనికి విచారణకు ముందే ప్రత్యేక సమావేశం పెడతారు. అక్కడ తేలినదాన్ని రాసి ఇరుపక్షాలకూ ఇస్తారు, తర్వాతి విచారణ ఆ కాగితాన్ని బట్టే సాగుతుంది. మన దగ్గర చట్టం కొరతేమీ లేదు, చేయించే పట్టుదలే లేదు.

ఆ రోజునే అడగాల్సింది ఇంకొకటుంది. యజమాని పూర్తి మొత్తాన్ని ఒప్పుకోకపోయినా, తాను ఒప్పుకున్నంత మేరకు తాత్కాలికంగా జమ చేయాలని చట్టం అంటోంది. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా పెనాల్టీ. మొదటి వాయిదాలో ఈ మాట ఎత్తేవాళ్లు అరుదు.

ఇక మన ఇంటి మాట. ట్రాక్టర్ యజమాని కూడా మన సభ్యుడే, రెండెకరాల రైతే. భయపడి ‘అతను నా దగ్గర పని చేయలేదు’ అని కౌంటర్ వేస్తాడు. అది ఎవరికి మేలు? బీమా కంపెనీకి! యజమాని కాదన్న డ్రైవర్‌కు తామెందుకు కట్టాలని వాళ్లు అడుగుతారు. చెల్లుబాటయ్యే పాలసీ ఉంటే డ్రైవర్ పరిహార బాధ్యత అందులోనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడమే రైతుకు మేలు. ఈ విషయంలో మనవాళ్లకు నచ్చజెప్పడంలో మేమే వెనకబడ్డాం.

ముందే కూర్చోబెడితే బలవంతపు రాజీలు పెరుగుతాయని కొందరు కార్యకర్తల అనుమానం. అది కొట్టిపారేసేది కాదు. అయితే తక్కువ మొత్తానికో, ఒత్తిడితోనో చేసుకున్న ఒప్పందాన్ని నమోదు చేయకుండా తిప్పికొట్టే అధికారం కమిషనర్‌కు ఉంది. ఊరి పంచాయితీలో ఆ అధికారం ఎవరికుంది?

మా డిమాండ్ ఇదీ: మొదటి వాయిదాలోనే ఇరుపక్షాలు ఒప్పుకున్న విషయాలను రాసి సంతకాలు తీసుకోవాలి, ఆ నకలు తెలుగులో కుటుంబానికి ఇవ్వాలి. మండల కమిటీలు ఆ రోజు ఒక కార్యకర్తను తోడు పంపాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, వయసు రుజువు, ఆర్సీ, పాలసీ కాపీలు, జీతమిచ్చినట్టు రాసుకున్న చిన్న నోటుబుక్కు ఉంటే అదీ వెంట తీసుకెళ్లాలి. దరఖాస్తుకు రెండేళ్ల గడువుంది కదా అని కాగితాలు పోగుచేయడం వాయిదా వేయొద్దు.