గురి తప్పిన కొత్త తుపాకి

మొన్న ఆదివారం తిరువళ్ళూరు నుండి రైలెక్కి తిరుత్తణి మా చెల్లెలింటికి వెళ్ళాము. మా బావగారు కొడుకు కోసం అప్పు చేసి కొన్న స్ప్రింగు గాలితుపాకి గురించే ఆ ఇంట రగడ. 1972 చట్టం వచ్చాక వేట మాట లేదు గదా. మేనల్లుడిది పది మీటర్లలో కాగితపు గురి. గుండ్లు మాత్రం పళ్ళెమంత మేర చెదురుతున్నవి. కుర్రవాడు తన కళ్ళే చెడ్డవని కుమిలిపోతున్నాడు. “అమ్మిపారేస్తాను బావా” అన్నారాయన.

అయిదు గుండ్లు ఒకచోటనే పడి, గురికి పక్కగా ఉంటే సైటు తిప్పితే సరి. చెదిరినప్పుడు సైటు ముట్టరాదు, ముందు మరలు చూడాలి. చూస్తిమి గదా, కొయ్యకు ఇనుమును పట్టి ఉంచే మరలు రెండు వేలితోనే తిరిగాయి! బిగించాము. గొట్టంలోని కొత్త చమురు గుడ్డతో తుడిచాము. పిల్లవాడు తుపాకిని బల్లకు అదిమి కొడుతున్నాడు. స్ప్రింగు తుపాకి కొట్టినప్పుడు వెనక్కూ ముందుకూ కదులుతుంది, చేతిలో వదులుగా ఆననివ్వాలి. గుండ్ల రకమూ మార్చాము.

సాయంత్రానికి అయిదూ రూపాయి బిళ్ళంతలో పడ్డాయి. బావగారు అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు. మేనల్లుణ్ణి భోజనానికి మా చెల్లెలు మూడుసార్లు పిలవవలసి వచ్చింది.