వాహన సంరక్షణ: పాత జీపు – ముందు కమానుల మార్పిడి

ఇంజను మొరాయించినా, బ్యాటరీ దిగిపోయినా వాహన యజమానికి ఆ క్షణమే తెలుస్తుంది. ముందు కమానుల అరుగుదల మాత్రం ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా సాగుతుంది. బండి ముందు భాగం ఏటా కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ఉంటే నడిపేవారు దానికి అలవాటుపడిపోతారు. గోతిలో పడినప్పుడు దడేల్మని చప్పుడు వినిపిస్తే తప్పు రోడ్డుదేనని సరిపెట్టుకుంటారు. అందుచేత ఈ మాసం పాత జీపుల ముందు కమానులను ఎలా పరీక్షించాలో, ఎప్పుడు మార్చాలో, మార్చేటప్పుడు ఏ జాగ్రత్తలు పాటించాలో వివరిస్తున్నాము.

ఆనకట్టలు, గనులు, విద్యుత్ కేంద్రాల నిర్మాణ స్థలాలలో పనిచేసిన వారికి జీపును పరిచయం చేయనవసరం లేదు. విల్లీస్ నమూనాపై మహీంద్రా సంస్థ మన దేశంలో తయారుచేసిన జీపులు దశాబ్దాలపాటు ఆ దారులలో తిరిగాయి. సర్వీసు ముగిసి వేలానికి వచ్చిన జీపును కొనుక్కుని ఇంటి బండిగా చేసుకున్న ఉద్యోగులూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషనును పునరుద్ధరించడం లేదు. అంతకు ముందే చేతికి వచ్చిన సొంత జీపునైతే, స్థానిక నిబంధనలు అనుమతించిన చోట, తనిఖీ చేయించి కొనసాగించుకోవచ్చు. అటువంటి బండిలో భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని ప్రయాణం చేసేవారు ముందుగా వంగి చూడవలసినది కమానుల వైపే.

ఎందుకంటే ఈ జీపులలో కమాను రెండు బాధ్యతలు మోస్తుంది. మొదటిది అందరికీ తెలిసిందే: బరువును మోసి కుదుపును తగ్గించడం. రెండవది ముందు ఇరుసును దాని స్థానంలో నిలిపి ఉంచడం. చుట్ట స్ప్రింగులున్న వాహనాలలో ఇరుసును పట్టి ఉంచడానికి వేరే కడ్డీలు ఉంటాయి. జీపులో అటువంటివి లేవు. పట్టీల కట్టే ఆ పని చేయాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, ఇరుసు మెలి తిరగడానికి ప్రయత్నిస్తుంది. ఆ ఒత్తిడినంతటినీ కమానే భరిస్తుంది. రెండు కొసలా కన్నులున్న పై పట్టీ, అంటే మెయిన్ పట్టీ, విరిగితే ఆ వైపు ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా బండి చెప్పినట్లు వినదు. దీనిని కేవలం ప్రయాణ సుఖానికి సంబంధించిన విషయంగా భావించరాదు.

కుంగిన కమాను మెత్తబడిందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి వంపు పోయినంత మాత్రాన పట్టీ బిగువు దాదాపు తగ్గదు. తగ్గేది కదలికకు ఉన్న చోటు. వంపు పోయిన కమాను చిన్న గోతికే ఛాసిస్ కింద ఉన్న రబ్బరు దిమ్మను తాకుతుంది. అక్కడి నుండి దెబ్బ నేరుగా ఛాసిస్‌కు, స్టీరింగు కీళ్లకు చేరుతుంది. బిగువును నిజంగా తినేది తుప్పు. పట్టీ బిగువు దాని మందానికి ఘనంగా మారుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తుప్పు వల్ల 5 మిల్లీమీటర్లు అయితే, మందంలో పోయింది ఆరవ వంతే అయినా, ఆ పట్టీ బిగువులో మిగిలేది దాదాపు 58 శాతం మాత్రమే. తుప్పు గుంటల దగ్గరే పగుళ్లు కూడా మొదలవుతాయి.

పరీక్షకు పెద్ద పరికరాలు అవసరం లేదు. బండిని సమతలమైన గచ్చు మీద, నాలుగు టైర్లలోనూ సరైన గాలి ఉంచి, సామాను లేకుండా నిలపాలి. ముందు చక్రం మధ్య నుండి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తును రెండు వైపులా టేపుతో కొలిచి వ్రాసుకోవాలి. ఆరు నెలలకొకసారి ఇలా వ్రాసుకుంటే కుంగుదల అంకెలలో కనిపిస్తుంది. తరువాత కమానులను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, సెంటరు బోల్టు పరిసరాలను, కన్నుల మలుపులను టార్చిలైటుతో పరిశీలించాలి. పట్టీల మధ్య తుప్పు ఉబ్బి సందు ఏర్పడినా, వెంట్రుకవాసి పగులు కనిపించినా, పట్టీలు ఒకదానిపై నుండి మరొకటి పక్కకు జరిగినా మార్పిడికి సమయం వచ్చినట్లే. రబ్బరు దిమ్మ మీద మెరుస్తున్న దెబ్బ గుర్తులు కూడా సాక్ష్యమే.

ఇక్కడ ఖర్చు ప్రశ్న వస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత పట్టీలను చల్లగానే సుత్తితో కొట్టి తిరిగి వంపు తెచ్చే పనివారు ఉన్నారు. పట్టీలు మంచి మందంతో, పగుళ్లు లేకుండా ఉంటే కొంతకాలం అది పనికివస్తుంది. కానీ లోహానికి పట్టిన అలసట సుత్తి దెబ్బతో పోదు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచడాన్ని మాత్రం ఎంతమాత్రం అంగీకరించరాదు. మన దేశంలో కమానులకు విరివిగా వాడే ఈఎన్ 45 వంటి సిలికాన్-మాంగనీసు ఉక్కుకు ఆ గుణం వచ్చేది నియమిత ఉష్ణోగ్రతలో వేడిచేసి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పదును సరిచేయడం వల్ల. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. తరువాత విరిగేది అక్కడే.

ఒకవైపు మాత్రమే మార్చి పొదుపు చేశామనుకోవడం కూడా పొరపాటే. కొత్త కమాను ఒకవైపు, కుంగినది మరొకవైపు ఉంటే బండి ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు లాగవచ్చు. రెండింటినీ కలిపి మార్చాలి. కొన్ని నమూనాలలో ఎడమ, కుడి కమానులు వేరుగా ఉంటాయి కనుక కొనేముందు విడిభాగాల పుస్తకంతో సరిచూసుకోవాలి.

మార్పిడికి ముందు రోజే బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించాలి. వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు భాగాన్ని ఎత్తి, ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి, లేదా ఇటుకలు పేర్చి, బండి కింద దూరడం ప్రాణాంతకం. ఇరుసుకు వేరే జాకీ ఆనించి కమాను మీద భారం తీసివేసిన తరువాతనే యూ బోల్టులు విప్పాలి. ఇరుసు బరువు బ్రేకు గొట్టం మీద వ్రేలాడకుండా చూడాలి. పాత విల్లీస్ నమూనాలలో షాకిళ్లకు మరలున్న బుష్‌లు ఉంటాయి. వాటిలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. బుష్ తల చుట్టూ ఉన్న గాడి దానికి గుర్తు. ఇది తెలియక బలవంతంగా తిప్పితే షాకిల్ పాడవుతుంది.

కొత్త కమానును ఎక్కించేటప్పుడు సెంటరు బోల్టు తల ఇరుసు పీటలోని రంధ్రంలో సరిగా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు వంకరగా నిలుస్తుంది. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి కనుక కొత్తవే వాడాలి; వాటిని ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా, తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాలి. రబ్బరు బుష్‌లున్న జీపులలో కన్నుల బోల్టులను బండి నేలకు దిగి బరువు చక్రాల మీద పడిన తరువాతనే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. మర బుష్‌లైతే గ్రీజు తప్పనిసరి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత యూ బోల్టులను మళ్లీ బిగించి చూసుకోవాలి. చక్రాల అమరికను కూడా సరిచేయించాలి.

ఎలాగూ మారుస్తున్నాము కదా అని ఇంకా ఎత్తయిన కమానులు వేయించుకోవాలని ఇంట్లో యువకులు ఉత్సాహపడవచ్చు. ఎత్తు పెరిగితే బండి మలుపుల్లో బోల్తాపడే అవకాశం పెరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ల కోణం, బ్రేకు గొట్టాల పొడవు చాలకుండా పోతాయి. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కూడా నియంత్రిస్తుంది. జీపు మొదట ఏ ఎత్తున తయారైందో ఆ ఎత్తుకు తిరిగి తేవడమే మన లక్ష్యం.

వేసవి సెలవులకు సొంత ఊరి దారి పట్టేముందు ఒక ఆదివారం ఉదయం టేపు, టార్చి, వైరు బ్రష్ పట్టుకుని జీపు పక్కన కూర్చోండి. ఇంట్లోని పిల్లలను పిలిచి కొలతలు వ్రాయించండి. రెండు వైపులా అంకెలు సమంగా ఉండి, పట్టీలు పగుళ్లు లేకుండా ఉంటే గ్రీజు పట్టించి నిశ్చింతగా బయలుదేరండి. సందేహం కలిగితే ప్రయాణాన్ని వారం వాయిదా వేసి కమానుల సంగతి చూడండి.