చిరునామా ఉంది... కంపెనీ ఏదీ?

న్యూఢిల్లీ: కంపెనీల రిజిస్ట్రార్ పంపిన తాఖీదు "ఈ చిరునామాలో ఎవరూ లేరు" అన్న రాతతో తిరిగి రావడం దేశ రాజధాని ప్రాంతంలో కొత్త సంగతి కాదు. అయితే అలా తిరిగి వచ్చిన కవరు ఇప్పుడు కంపెనీ పేరునే చిట్టా నుంచి కొట్టివేయడానికి తొలి ఆధారం కాగలదు. దానివల్ల ఆ కంపెనీకి డబ్బిచ్చిన వారికి ఒరిగేదేమిటన్నదే అసలు ప్రశ్న.

కంపెనీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఆ వ్యక్తికి శరీరం లేదు కనుక రిజిస్టర్డ్ కార్యాలయమే దాని ఉనికి. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఏర్పడిన 30 రోజులలోగా, ఆ తర్వాత ఎల్లవేళలా, లేఖలను అందుకొని రసీదు ఇవ్వగల కార్యాలయం ఉండి తీరాలి. చిరునామా మారితే 30 రోజులలో తెలియజేయాలి. గుమ్మం వద్ద పేరు, చిరునామా స్థానిక భాషలో కూడా రాయాలి. (హైదరాబాద్‌లో ఈ నియమం ఎందరికి గుర్తున్నదో బోర్డులు చూస్తే తెలుస్తుంది.) ఉల్లంఘిస్తే రోజుకు వెయ్యి రూపాయల వంతున, లక్ష రూపాయలు మించకుండా జరిమానా. చిన్న కంపెనీలకు అందులోనూ సగమే.

ఈ కట్టుదిట్టాలకు వెనుక చేదు అనుభవం ఉంది. 1990 దశకంలో షేర్ల జ్వరం ముదిరినప్పుడు ప్రజల నుంచి డబ్బు వసూలు చేసి మాయమైన కంపెనీల గుర్తింపునకు కేంద్రం, సెబీ కలిసి 1999లో సంఘాన్ని నియమించవలసి వచ్చింది. తనిఖీకి వెళ్లినప్పుడు చెప్పిన చిరునామాలో కార్యాలయం లేకపోవడం 'అదృశ్య కంపెనీ' లక్షణాలలో ఒకటి. తిరిగి 2017-18లో 2 లక్షల 26 వేల కంపెనీల పేర్లు తొలగించారు. రెండేళ్లకు పైగా లెక్కలు దాఖలు చేయకపోవడం అప్పటి కారణం. 2019లో డైరెక్టరు కనిపించేలా కార్యాలయం ఫోటోలు పంపాలన్నారు. వ్యాపారం సాగడం లేదని అనుమానించడానికి తగిన కారణం ఉంటే రిజిస్ట్రార్ స్వయంగా తనిఖీ జరిపించవచ్చునని 2018 నవంబరు ఆర్డినెన్సు చెప్పింది. స్థానికులైన ఇద్దరు సాక్షుల సమక్షంలో, అవసరమైతే పోలీసుల సాయంతో ఆ తనిఖీ జరగాలని 2022 ఆగస్టు నిబంధనలు వివరించాయి.

అయినా లోపం మూలంలోనే ఉంది. వ్యాపారం రిజిస్టర్డ్ కార్యాలయంలోనే జరగాలని చట్టం ఎక్కడా అనలేదు. ఒకే గదిలో పది కంపెనీలు ఉండరాదనీ అనలేదు. అద్దె ఒప్పందం, యజమాని అంగీకార పత్రం, రెండు నెలలకు మించని కరెంటు బిల్లు ఉంటే చాలు. ఆడిటరు గుమస్తా ఉత్తరం తీసుకొని సంతకం చేస్తే నియమం నెరవేరినట్లే! చట్టం పరీక్షిస్తున్నది చిరునామానే గాని దాని వెనుక ఉన్న మనుషులను కాదు.

2022 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని జిలియన్ ఇండియా సంస్థపైన, బెంగళూరు, హైదరాబాద్ సంస్థలపైన దాడులు జరిపిన కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెల్లడించిన వివరాలు ఈ తేడాను బయటపెట్టాయి. చైనాతో సంబంధాలున్న కంపెనీలలో నామమాత్రపు డైరెక్టర్లను కూర్చోబెట్టారని, కంపెనీల ముద్రలు, డైరెక్టర్ల డిజిటల్ సంతకాలు పెట్టెలలో దొరికాయని ఆ శాఖ ఆరోపణ. సూత్రధారిగా పేర్కొన్న వ్యక్తి రికార్డులలో హిమాచల్ ప్రదేశ్‌లోని మండి నివాసి. కాగితాలకు కొరత లేదన్నమాట.

రాజధాని ప్రాంతపు భౌగోళిక స్థితి మరో చిక్కు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా జనానికి ఒకే నగరం. చట్టానికి మూడు వేర్వేరు ప్రాంతాలు. ఊరి హద్దులలో కార్యాలయం మార్చడానికి డైరెక్టర్ల బోర్డు తీర్మానం చాలు. ఢిల్లీ సరిహద్దు దాటితే మాత్రం వాటాదారుల ప్రత్యేక తీర్మానం, రుణదాతలకు నోటీసులు, పత్రికా ప్రకటన, ఉద్యోగులను తొలగించబోమని ప్రమాణ పత్రం, ఆపై కేంద్రం అనుమతి కావాలి. ఇంత తతంగానికి వెరచి ఢిల్లీలోని పాత చిరునామాను పేరుకు అట్టిపెట్టుకోవడం మామూలే. మోసగాడికీ, ఇలాంటి బద్ధకస్తునికీ జరిమానా ఒక్కటే కావడం గమనార్హం.

బాకీ రావలసిన చిన్న సరఫరాదారు పరిస్థితి వేరు. దివాలా స్మృతి కింద అతడు పంపే డిమాండ్ నోటీసు రిజిస్టర్డ్ కార్యాలయానికి చేరాలి. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన లేఖ అందినట్లే భావించాలన్న సూత్రం అతనికి అండ. కనుక ఖాళీ గది చూపినంత మాత్రాన కంపెనీ కేసు నుంచి తప్పించుకోలేదు. కాని డిక్రీ వచ్చాక జప్తు చేయడానికి అక్కడ బల్లా కుర్చీ కూడా ఉండవు.

పేరు తొలగించినా డైరెక్టర్ల బాధ్యత పోదు. రుణదాత 20 ఏళ్లలోగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి కంపెనీని పునరుద్ధరింపజేయవచ్చు. అయితే తొలగింపునకు ముందు నోటీసు వెళ్లేది కంపెనీకి, డైరెక్టర్లకు. కంపెనీ పేరిట పంపేది ఎవరూ లేరని తేలిన ఆ చిరునామాకే, డైరెక్టర్లకు పంపేది రికార్డులలో ఉన్న వారి చిరునామాలకు. గెజెట్‌లోనూ, పత్రికలలోనూ, మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లోనూ ప్రకటన వస్తుంది. పన్నుల శాఖలకు విడిగా సమాచారం వెళుతుంది. రుణదాతకు విడిగా లేఖ రాయాలన్న నియమం లేదు. అభ్యంతరం తెలపడానికి ఉన్న 30 రోజుల గడువులోగా ఆ ప్రకటన అతని కంట పడాలి.