నల్లపావులొస్తే ఏడుపెందుకు?

"మావయ్యా, నల్లపావులొస్తే ఓడిపోయినట్టే. ఇంక నేను చెస్ ఆడను."

వర్షాలప్పుడు వినగడపలో మా చెల్లెలి ఇంటికి వెళితే, మేనల్లుడు అన్న మొదటి మాట ఇది. వాడికి పదకొండేళ్లు. తిరువూరులో ఏదో పోటీకి వెళ్లి నల్లపావులతో మూడు ఆటలాడాడు. మూడూ పోయాయి. ఒకదాంట్లో అయితే నాలుగో ఎత్తుకే ఆటకట్టు! బల్ల తీసి అటక మీద పడేశాడట.

ఆ రాత్రి కట్టలేరు పొంగింది. తోటమూల వైపు దారి మూసుకుపోయింది. రెండ్రోజులు నేను కదిలే వీల్లేదు. సరే, అటక ఎక్కరా అన్నాను.

"ఇంతకీ ఏమాడావు?"

"సిసిలియన్... నైడార్ఫ్."

సెల్‌ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాడు. ఎత్తులన్నీ ఎక్కాల్లా గడగడా అప్పజెప్పాడు. "అయిదో ఎత్తులో ఎ6 ఎందుకు జరిపావు?" అన్నాను. "వీడియోలో జరిపారుగా!" అన్నాడు. ఎదుటి పిల్లాడు పాపం ఆ వీడియో చూడలేదు. రెండో ఎత్తుకి శకటు, మూడో ఎత్తుకి మంత్రి బయటికి తెచ్చాడు. మనవాడు మాత్రం పాఠంలో ఉన్నదే వేసుకుంటూ పోయాడు. ఎఫ్7 దగ్గర పని అయిపోయింది.

సిసిలియన్ చెడ్డదని కాదు. ప్రపంచ చాంపియన్లు ఆడేదే. కానీ దాంట్లో ప్రతి కొమ్మకీ పది రెమ్మలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే... ప్రతి ఎత్తుకీ 'ఎందుకు' అంటే జవాబు చెప్పగలిగిన ఓపెనింగే మీ ఓపెనింగ్. తెల్ల ఇ4 జరిపితే మీరు ఇ5. డి4 జరిపితే డి5. మొదటి ఏడాదికి ఇది చాలు. మధ్యలో చోటు దొరుకుతుంది, శకటుకీ మంత్రికీ దారి తెరుచుకుంటుంది. 'మరీ పాతకాలం ఆట' అని కొందరు మూతి విరుస్తారు. విరవనివ్వండి.

నాలుగెత్తుల ఆటకట్టు భయమా? ఇద్దరం బల్ల మీద పెట్టి చూశాం. ఇ4, ఇ5. తెల్ల మంత్రి హెచ్5కి వచ్చి మన ఇ5 బంటు మీద కన్నేసింది. గుర్రాన్ని సి6కి తెచ్చి కాపాడాలి. తెల్ల శకటు సి4కి వస్తుంది. ఇప్పుడు గురి ఎఫ్7 మీద. జి6 జరిపి మంత్రిని తోలాలి. అది ఎఫ్3కి వెళ్లి మళ్లీ ఎఫ్7నే చూస్తుంది. రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి అడ్డం పెట్టాలి. అంతే! మన గుర్రాలు రెండూ బయటికొచ్చాయి, వాళ్ల మంత్రి రెండుసార్లు తిరిగి అలిసిపోయింది. మావాడి మొహం అక్కడ మొదటిసారి విప్పారింది.

డి4, డి5 తరవాత తెల్ల సి4 జరిపి బంటును ఎర వేస్తుంది. తీసుకోవచ్చు, కానీ ఆ బంటును దాచుకోవాలని బి5 జరిపితే మాత్రం కొంప మునుగుతుంది. తెల్ల ఇ3, ఎ4 జరుపుతుంది. మనం సి6తో ఆపితే, బి5 దగ్గర బంట్లు మారాక మంత్రి ఎఫ్3కి వస్తుంది. మూలనున్న ఏనుగు దొరికిపోతుంది. దాన్ని కాపాడాలంటే గుర్రాన్నో శకటునో వదులుకోవాలి. అందుకే ఎర జోలికి పోకుండా ఇ6 జరిపి కూర్చోమన్నాను.

"ఇంత సాదా ఆటతో పెద్దవాళ్లయినవాళ్లు ఉన్నారా?" అన్నాడు. ఎందుకు లేరు? గుడివాడలో పుట్టిన కోనేరు హంపినే చూడండి. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైంది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియనైంది. ఇ4కి ఇ5 జరిపి, వెంటనే గుర్రంతో ఎదురుదాడి చేసే పెట్రోఫ్ ఆమె చాలాసార్లు ఆడింది. గుంటూరు హరికృష్ణకేమో ఇ6తో మొదలయ్యే ఫ్రెంచి డిఫెన్స్ మీద మంచి పట్టు. పెట్రోఫ్‌కి తొందరపడొద్దన్నాను. తెల్ల గుర్రం ఇ5 బంటును కొట్టగానే ముందు డి6 జరపాలి. అది మరిచి బంటుకు బంటు అంటూ ఇ4 మీద పడితే, మంత్రి పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇంతలో అరుగు మీదున్న వాళ్ల తాతయ్య బల్ల దగ్గరికి జరిగారు. ఆయనది పాత దేశవాళీ ఆట. మొదటి ఎత్తయినా సరే, బంటు ఒక్క గడే జరగాలి. జి6 జరిపి, శకటును జి7లో పెట్టి, డి6 జరిపి నిమ్మళంగా కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. 1850ల్లో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే ఆటగాడు జాన్ కోక్రేన్ అనే తెల్లదొర మీద ఇలాగే ఆడేవాడు. 'ఇండియన్ డిఫెన్స్' అన్న పేరు వెనక ఆ ఆటలున్నాయంటారు. తాతయ్యకి ఆ సంగతి చెబితే, "పేరు ఎవరిదైతేనేం, ఎత్తు వెయ్యి" అన్నారు. ఆ ఆట ఆయనే గెలిచారు. పిల్లలకి మాత్రం నేనిది ఇప్పుడే చెప్పను. మధ్య గళ్లు ఎదుటివాడికి వదిలి, తరవాత ఎప్పుడు కొట్టాలో తెలియాలి. దానికి అనుభవం కావాలి.

ఇంకో మాట. పెద్ద ఆటగాళ్ల ఆటలు లెక్క తీస్తే నూటికి తెల్లకి 54, 55 పాయింట్లు వస్తాయి. అంటే నల్లకి 45. ఏడవాల్సినంత తేడానా?

మూడో రోజు వాగు తీసింది, నేను వచ్చేశాను. పోయిన వారం ఫోను. మళ్లీ పోటీకి వెళ్లాడట. నల్లతో ఒకటి గెలిచాడు, ఒకటి డ్రా, ఒకటి ఓడాడు. ఓడిన ఆటే పదినిమిషాలు చెప్పాడు.

"ఇ5 జరపగానే వాడు ఎఫ్4 జరిపాడు మావయ్యా! ఆ బంటు తీసుకోవచ్చా?"

తీసుకోవచ్చు. ఎలాగో వచ్చే ఆదివారం చూద్దాం.