ఎవరి కప్పు మీద సూర్యుడు? (భాగం - 7)

పీఎం సూర్యఘర్ లెక్క అందరికీ తెలిసిందే. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ. కావాల్సింది సొంత ఇల్లు, పలకలు మోసే కప్పు, కరెంటు కనెక్షన్.

మా అమ్మ ఇంటి మీద సిమెంటు రేకులు. 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది, నిజమే. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఫ్యాను కొట్టేది వేడిగాలే. అమ్మ మంచం వేపచెట్టు కిందికి పోతుంది. సోలార్ కోసం నేనే అప్లికేషన్ ముందు కూర్చున్నా. మీటరు ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంది. అక్కడే ఆగింది. పేరు మారినా ఆ రేకులు పలకల్ని మోయవు.

ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఉచితం అన్నారు. మంచిదే, కాదనను. రేకుల ఇంటికి ఏం చేస్తారో కూడా చెప్పాలి కదా!

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టమైతే. మా వాడలో 600 గజాలు ఎవరికున్నాయి? నలుగురి ఇళ్లు కలిపినా రావు. ఎక్కువ ఉడికేది మాత్రం మేమే.

2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆ నిధులతో ముందు ప్రతి రేకుల ఇంటికీ తెల్లపూత వేయండి. మీటరు పేరు మార్పు వాడకే వచ్చి చేయండి. తర్వాత స్లాబు. పలకల మాట ఆ తర్వాత మాట్లాడదాం.

జై భీమ్.