నేపాల్‌ తాత్కాలిక ప్రభుత్వానికి రోమ్‌ చరిత్ర చెప్పే పాఠం

నేపాల్‌లో 26 సామాజిక మాధ్యమాలపై విధించిన నిషేధం, పాలకుల అవినీతిపై ఆగ్రహం కలిసి 2025 సెప్టెంబరులో యువత తిరుగుబాటుకు దారితీశాయి. మొదటి రోజే 19 మంది ప్రాణాలు కోల్పోయారు. మరునాడు, సెప్టెంబరు 9న, ప్రధానమంత్రి కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. తదుపరి ప్రధాని ఎవరన్న చర్చ డిస్కార్డ్‌ అనే ఆన్‌లైన్‌ వేదికపైకి చేరింది. లక్షకు పైగా సభ్యులున్న ఆ వేదికలో జరిగిన ఓటింగులో మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ ముందు నిలిచారు. పోలైన ఓట్లు ఎనిమిది వేల లోపే. సైన్యం, అధ్యక్షుడు రామ్‌చంద్ర పౌడెల్‌, ఉద్యమ ప్రతినిధుల మధ్య చర్చల అనంతరం సెప్టెంబరు 12న ఆమె దేశ తొలి మహిళా ప్రధానిగా ప్రమాణం చేశారు.

ఎన్నికలు లేకుండా, వీధిలోని బలం అండతో లభించిన అధికారం ఎంతకాలం నిలుస్తుంది? ప్రాచీన రోమ్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. క్రీ.శ. 69లో ఆ నగరం నలుగురు చక్రవర్తులను చూసింది. తన పేరిట వాగ్దానం చేసిన బహుమానాన్ని చెల్లించేందుకు నిరాకరించిన గల్బాను, ఆయనను కాపాడవలసిన ప్రిటోరియన్‌ అంగరక్షకులే జనవరిలో హతమార్చారు. వారు గద్దెనెక్కించిన ఓథో మూడు నెలలకే యుద్ధంలో ఓడి ఆత్మహత్య చేసుకున్నాడు. రైన్‌ నదీతీర సైన్యాల అండతో వచ్చిన విటెలియస్‌ డిసెంబరులో హతుడయ్యాడు. 193లో పెర్టినాక్స్‌ను మూడు నెలలలోపే చంపిన అంగరక్షకులు సామ్రాజ్యాన్ని వేలానికి పెట్టారు. పాట దక్కించుకున్న డిడియస్‌ జూలియానస్‌ సుమారు రెండు నెలలే నిలిచాడు.

ఈ పాలకులందరూ అసమర్థులని చెప్పలేం. పెర్టినాక్స్‌ అనుభవజ్ఞుడైన సేనాని, పొదుపరి. లోపం వ్యవస్థలో ఉంది. రోమ్‌ చక్రవర్తి పదవికి నిర్ణీత కాలపరిమితి లేదు, గౌరవంగా తప్పుకునే మార్గమూ లేదు. పాలకుడు నచ్చకపోతే ఎదురుచూడడానికి ఒక తేదీ ఉండేది కాదు. కత్తి ఒక్కటే మిగిలేది.

నేపాల్‌ పరిస్థితిలో ఆ పోలిక కొంత కనిపిస్తుంది. ప్రధాని ప్రతినిధుల సభ సభ్యులై ఉండాలన్న 2015 రాజ్యాంగ నియమం కర్కీ నియామకంలో పక్కకు జరిగింది. మంత్రుల ఎంపిక నచ్చలేదంటూ ఉద్యమకారుల్లో కొందరు కొద్ది రోజులకే ఆమె నివాసం ముందు నిరసనకు దిగారు. గల్బాకు ఎదురైనదీ ఇటువంటిదే: పదవి ఇచ్చామనుకున్నవారు దానికి ప్రతిఫలం కోరతారు.

తేడా కూడా అంతే స్పష్టం. కర్కీ నియామకంతో పాటే సభ రద్దయింది, 2026 మార్చి 5 ఎన్నికల తేదీగా ఖరారైంది. అంటే ఆమె పదవిలో అడుగుపెట్టిన రోజే దిగిపోయే మార్గమూ నిర్ణయమైంది. స్వల్పకాలం ఇక్కడ బలహీనత కాదు. ముగింపు తెలిసిన అధికారాన్ని కూలదోయవలసిన అవసరం ప్రత్యర్థులకు తగ్గుతుంది. 2008లో గణతంత్రమైన నాటి నుంచి ఏ ప్రధానీ ఐదేళ్లు పూర్తి చేయని దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఈ ప్రభుత్వానికి అసలు పరీక్ష సంస్కరణల జాబితా కాదు, ఎన్నికల తేదీ. ఎంత మంచి కారణంతో దానిని జరిపినా, గడువు లేని పాలన మొదలైనట్టే అవుతుంది. ఉద్యమకారులకూ ఒక పరీక్ష ఉంది. 193లోనే రోమ్‌ను చేజిక్కించుకున్న సెప్టిమియస్‌ సెవెరస్‌ చేసిన మొదటి పనుల్లో ఒకటి, చక్రవర్తులను చేసి చంపిన ఆ అంగరక్షక దళాన్ని రద్దు చేయడం. ఆ స్థానంలో తన సైనికులను నింపి ఆయన 18 ఏళ్లు పాలించాడు. పాలకులను ఇష్టానుసారం మార్చే గుంపు చివరకు తననే అణచివేసే బలవంతుడికి దారి వేస్తుందని ఆ ఉదంతం చెబుతుంది. తాము కోరిన మార్పును బ్యాలెట్‌ పెట్టె దాకా తీసుకువెళ్లడమే నేపాల్‌ యువతకు ఉన్న రక్షణ.