ఫిరంగి మీది పేరు

గోల్కొండ కోటకు పిల్లలను తీసుకొని వెళ్ళిన కుటుంబాలన్నింటి వద్దా ఇంచుమించు ఒకే ఫొటో ఉంటుంది: ఫిరంగికి ఆనుకొని నిలుచున్న పిల్లలు, వెనుక ఆకాశం. మా ఆల్బములోనూ అటువంటివి ఉన్నాయి. వాటిలో ఫిరంగి కనబడుతుంది గాని, దాని మీద రాసి ఉన్నది ఒక్క ముక్కయినా కనబడదు.

పెట్ల బురుజు మీది కంచు ఫిరంగి పేరు ఫతేహ్ రహ్‌బర్, అనగా విజయానికి దారి చూపునది. ఔరంగజేబు కోసం 1672లో ముహమ్మద్ అలీ అరబ్ దానిని పోతపోశాడు. మూసా బురుజు మీది అజ్దహా పైకర్ కూడా ఆయన చేతి పనే, 1674 నాటిది. ఎనిమిది నెలల ముట్టడి అనంతరం 1687 సెప్టెంబరులో కోట మొగలుల వశమయింది. అయితే గోడ కూలలేదు, లోపలివాడొకడు రాత్రివేళ తలుపు తీశాడు. విజయానికి దారి చూపునదని పేరు పెట్టుకొన్న ఫిరంగికి ఇది కొంత చిన్నతనమే.

దాని మీది ఫార్సీ అక్షరాలలో చక్రవర్తి పేరుతో పాటు పోతపోసినవాని పేరూ ఉన్నది. శ్రామికుల పేర్లు చరిత్రలో నిలవడం అరుదు. అందుకే ఆ అక్షరాలను ఫొటో తీసుకొని రావాలని కిందటి శీతకాలంలో మళ్ళీ బయలుదేరాము. మా ఇంట్లో ఉర్దూ చదవగలిగినవారు నానీ ఒక్కరే. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె రాలేరు. మా పిల్లలకు ఆ లిపి రాదు. ఆ మాట రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది.

మొదటి ప్రయత్నం వృథా అయింది. నడినెత్తి ఎండలో తీసిన ఫొటోలలో కంచు అద్దంలా మెరిసి, అక్షరాలున్న చోట తెల్లని మచ్చ మిగిలింది. ఫ్లాష్ వేస్తే మరీ అన్యాయం. కళ్ళద్దాలు తుడిచి తుడిచి చూసిన నానీ, "ఇందులో ఏముందిరా, దీపం తప్ప?" అన్నారు.

రెండవసారి సాయంకాలం వెళ్ళాము. ఎండ ఏటవాలుగా పడే వేళ అక్షరాల అంచులకు నీడ ఏర్పడి, గీత గీతా విడివిడిగా తేలుతుంది. ఫిరంగి గుండ్రన కనుక ఒకే ఫొటోలో మొత్తం ఇమడదు. కెమెరాను తిన్నగా పట్టుకొని, పక్కకు జరుగుతూ, ముందటి ఫొటోలోని చివరి అక్షరం తరువాతి దానిలోనూ వచ్చేలా తీయాలి. అక్షరాలు తేటపడతాయని కొందరు సుద్ద రుద్దుతారు, నీళ్ళు పోస్తారు. లోహానికి హాని చేసే ఆ పని వద్దు. పిల్లలను పైకెక్కించడమూ వద్దు. స్టాండు వాడదలచినవారు పురావస్తు శాఖ అనుమతి ముందుగా పొందాలి. గోల్కొండలో సైన్యపు ఆర్టిలరీ సెంటర్ ఉన్నది. ఆ సరిహద్దుల వైపు కెమెరా తిప్పకపోవడం మేలు.

ఆ రాత్రి ఫోనును దీపం కిందికి తెచ్చుకొని, నానీ ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కొన్నారు. ఫార్సీ వాక్యాలు చాలావరకు ఆమెకు అందలేదు. ఒకచోట మాత్రం వేలు ఆగింది.

"ముహమ్మద్ అలీ," అని చదివి, ఫొటోను పెద్దది చేయమన్నారు. "అరబ్."

మా చిన్నవాడు ఆ మూడు మాటలనూ ఎలా రాస్తారో చూపించమని కాగితం తెచ్చాడు.